బుగ్గన కరక్కాయ ముక్క

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే మొదట నాలుక మొద్దుబారుతుంది. తర్వాత బుగ్గ లోపలి తోలంతా దగ్గరికి లాక్కుపోతుంది. ఆ తర్వాత, చాలాసేపటికి, ఓపిక పట్టినవాళ్ళకి మాత్రం, అడుగున ఎక్కడో చిన్న తీపి తగులుతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ నాకు పొడిదగ్గు. నిన్న పొద్దున మా రత్నం కూతురు చిన్ని నా పోపులపెట్టె నేలమీద బోర్లించింది. ఆవాలూ మెంతులూ జీలకర్రా ఏకమైపోయాయి. దాన్ని నాలుగు తిట్టాలని నోరు తెరిచానో లేదో దగ్గు తెర వచ్చింది. లేచి గూట్లో డబ్బా తీసి, కరక్కాయ పగలగొట్టి చిన్న పెచ్చు బుగ్గన పెట్టుకున్నాను. ఆ వగరు గొంతులోకి దిగగానే, దగ్గు సంగతి అటుంచి, నాకు కోపం ముంచుకొచ్చింది. చిన్ని మీద కాదు. పాతికేళ్ళ కిందటి మనిషి మీద. కరుణమ్మ టీచరు మీద.

మీరెవరూ ఆవిడను చూడలేదు కాబట్టి చెబుతున్నాను. పొట్టిగా, బక్కగా ఉండేది. కళ్ళజోడుకు ఒకవైపు దారం కట్టుకునేది. నరసాపురం దగ్గర ఏదో ఊరు. భర్త మా ఆయన పనిచేసే రైల్వే వర్క్‌షాపు స్టోర్సులోనే గుమాస్తా. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, మిగిలిన ఆరు రోజులూ తన క్వార్టరు వరండాలో కాలనీ చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకునేది. బడి అని బోర్డు లేదు, జీతం లేదు. ఎందుకమ్మా ఇదంతా అంటే, ఊరికే కూర్చుంటే నాకు నడుం నొప్పండీ అనేది. ఆవిడ మంచిదని అందరూ అంటారు. నేనూ అంటాను. కానీ మంచివాళ్ళతో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళకే తెలుసు.

మాది విజయనగరం వైపు. మా ఆయన అప్పారావు రాయపూర్‌లో వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మాకు రెండు గదుల క్వార్టరు. ఆ కాలనీలో ఎవరూ గడియారం చూసేవారు కాదు, వర్క్‌షాపు సైరన్ వినేవారు. దాన్ని అందరూ భోంపు అనేవాళ్ళం. పొద్దున మొదటి భోంపు కూసేసరికి మా గుమ్మం పక్క బల్లమీద ఆయన సామానంతా వరసగా ఉండాలి: అన్నం కేరియరు, చేతుల నల్లనూనె వదిలించుకోవడానికి సబ్బు ముక్క, సైకిలు తాళం, ఎండాకాలమైతే జేబులోకి ఒక ఉల్లిపాయ. జేబులో ఉల్లిపాయ ఉంటే వడగాలి కొట్టదని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఇక్కడి నీళ్ళు తాగాక మా నమ్మకమూ అదే అయింది. ఆ బల్లమీది సామాను ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. అది భోంపు సామాను. మిగిలిందంతా ఇంటి సామాను. మా ఇంట్లో ప్రపంచం ఆ రెండే.

నా చదువు రెండో క్లాసుతో సరి. నోరు మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు. మా అమ్మమ్మ చెప్పిన కథలు, మా ఊళ్ళో ఎవరి దూడ ఎప్పుడు తప్పిపోయిందో ఆ వైనాలు, అన్నీ నాకు నోటికుండేవి. మధ్యాహ్నమైతే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు బియ్యం చాటలు పట్టుకుని మా వరండాకు వచ్చేవారు. రాళ్ళు ఏరుతూ నా కథలు వినేవారు. మా రత్నం నా ఒళ్ళో కూర్చునేది. ఐదేళ్ళ పిల్ల. నేను చెప్పడం, అది వినడం. దాని నోట మాట రాదని నాకు తోచనే లేదు. పిల్లకి దాహమేస్తే నాకు ముందే తెలిసేది, చెంబు అందించేదాన్ని. ఆకలి వేయకముందే ముద్ద పెట్టేదాన్ని. దాని చూపు ఎటు పోతే అది తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఇంత బాగా పెంచిన తల్లి కాలనీలో ఇంకొకతె లేదని నా గర్వం.

ఆ గర్వం హిందీ బడిలో దిగింది. ఒకటో క్లాసులో చేర్చడానికి రత్నానికి జడ వేసి, రిబ్బను కట్టి తీసుకెళ్ళాను. అక్కడ పెద్ద పంతులమ్మను బడీ బహన్‌జీ అంటారు. ఆవిడ బల్లమీద తాళం ఒకటి పెట్టి, "బేటీ, యే క్యా హై?" అని అడిగింది. రత్నం తాళం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "తాలా! తాలా అని చెప్పమ్మా," అన్నాను. బహన్‌జీ నన్ను చూసి, "ఆప్ మత్ బోలియే," అంది. మీరు మాట్లాడకండి అని. మళ్ళీ ఒక గిన్నె చూపించింది. రత్నం గడ్డం ఎత్తి నన్ను చూపించింది, ఆ సంగతి అమ్మనడగండి అన్నట్టు. "కటోరీ, బహన్‌జీ, దీనికి తెలుసు, ఇంట్లో రోజూ దాంట్లోనే పప్పు తింటుంది," అన్నాను. ఆవిడ కలం మూసేసింది. పిల్లకు మాట అర్థం కావడం లేదు, వచ్చే ఏడు తీసుకురండి, అప్పుడూ ఇంతే అయితే మా బడిలో కష్టం అని హిందీలో నెమ్మదిగా చెప్పింది. వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ ఇంకొకావిడతో "మందబుద్ధి" అన్నది కూడా వినబడింది. ఆ మాటకు అర్థం చెప్పించుకోవలసిన పని లేకపోయింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన ఏడవలేదు, అంతకన్నా పాడుపని చేశారు, వాళ్ళమ్మకు ఉత్తరం రాయించారు. మా అత్త దగ్గర్నుంచి జవాబు పదిరోజుల్లో వచ్చేసింది. గుంటను ఊరికి పంపేయండి, మేకల వెనకాల తిరగడానికి చదువెందుకు, మాటెందుకు అని. ఆ ఉత్తరం మడిచి ఆయన నాతో అన్నారు: "ఒలే పైడీ, ఇంకొక్క ఏడు సూద్దాం. ఈ పాలి కూడా బళ్ళో ఎట్టుకోకపోతే అమ్మ దగ్గరికి పంపేద్దాం. ఇక్కడుంచి పిచ్చిది అనిపించడం కంటే అదే నయం."

"నా పిల్ల పిచ్చిది కాదు."

"నేనన్నానేటే? వాళ్ళంటన్నారు."

అలా ఒక ఏడాది గడువు చేతిలో పట్టుకుని కరుణమ్మ టీచరు వరండాకు వెళ్ళాను. వెళ్ళిన గంటలోనే నాకూ ఆవిడకూ చెడింది. ముందు అంతా చెప్పాను: బడిలో ఏం జరిగింది, మా అత్త ఏం రాసింది, అసలు రత్నం పుట్టినప్పుడు ఎంత గాలివాన వచ్చింది. ఆవిడ వింటూ వింటూ, "పాపా, ఆ మూలనున్న గ్లాసు తీసుకురామ్మా," అంది. రత్నం కదల్లేదు. నేను గడ్డంతో మూల వైపు చూపించి, "అది... అదే, తే," అన్నాను. రత్నం లేచి వెళ్ళి గ్లాసు తెచ్చింది.

"చూశారా, దానికన్నీ తెలుసు," అన్నాను.

"దానికి నీ గడ్డం తెలుసు పైడమ్మా. గ్లాసు తెలీదు," అంది కరుణమ్మ. "పొద్దుటి నుంచీ పడుకునేదాకా నువ్వు ఇంట్లో ఎన్నిసార్లు అది, ఇది అంటావో ఒకసారి విను. నీ కథల్లో రాజుకీ రాణికీ పేర్లుంటాయి. మీ ఇంట్లో గరిటెకి పేరు లేదు."

నాకు ఒళ్ళు మండింది. "అదేంటండీ, పేర్లే కదా కష్టమంతా? ఇంట్లో ఉల్లిపాయ, బళ్ళో ప్యాజ్, కూరలమ్మి గోందలీ అంటుంది. పిల్ల ఏదని పట్టుకుంటుంది?"

"మూడూ పట్టుకుంటుంది. ముందు ఉల్లిపాయని పట్టుకోనీ. ఎలా ఉందో, దేనికో, ఎక్కడుంటుందో తెలిశాక దానికి మూడు పేర్లేం, ముప్ఫై పేర్లు తగిలించు." అని లోపలికి వెళ్ళి, చిన్న కరక్కాయ పెచ్చు తెచ్చింది. ఇక్కడ హర్రా అంటారు, అడవి సరుకు, సంతలో గుట్టలు పోసి ఉంటుంది. ఆవిడ గొంతు కోసం ఎప్పుడూ కొంగుకు కట్టుకునేది. "నోరు తెరువు," అంది. నేనేదో మందేమో అనుకుని తెరిచాను. "ఇది బుగ్గన పెట్టుకో. నా పాఠం అయ్యేదాకా ఉండాలి. నమలకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు. రోజూ పిల్లతో పాటు నువ్వూ రావాలి."

ముప్ఫై ఏళ్ళదాన్ని, ఒక బిడ్డ తల్లిని. పిల్లల మధ్య చాపమీద నోట్లో వగరు ముక్కతో కూర్చోబెట్టింది నన్ను. లేచి వచ్చేద్దును. కానీ మా అత్త ఉత్తరం గుర్తొచ్చింది.

ఇక ఆవిడ పాఠం ఎలా ఉండేదంటే, పలక లేదు, బలపం లేదు, అ ఆలు లేవు. ప్రతి పిల్లా ఇంటినుంచి ఏదో ఒక వస్తువు తేవాలి. అట్లకాడ, దువ్వెన, చింతపిక్క, దారపుండ, వంకాయ, మసిగుడ్డ. అన్నీ మధ్యలో కుప్పపోసేది. ఒకరోజు గుండ్రంగా ఉన్నవన్నీ ఒకచోట పెట్టమనేది. మర్నాడు అవే వస్తువుల్ని తడిపితే పాడయ్యేవీ పాడవనివీ వేరుచేయమనేది. ఆ మర్నాడు వంటింటివి, పెరటివి. నిన్న దువ్వెన పక్కనున్న అట్లకాడ ఇవాళ చింతపిక్క పక్కకు పోయేది. నాకు చూస్తుంటేనే తల తిరిగేది. ఉన్నచోట ఉన్న సామానును రోజుకోసారి కలిపి, మళ్ళీ విడదీయడం! ఇంట్లో ఆ పని చేసే పిల్లను మనం వీపు చిట్లగొడతాం కదా. ప్రతి వస్తువుకూ మూడే ప్రశ్నలు: ఎలా ఉంది? దేనికి? ఎక్కడుంటుంది? పిల్ల "అది" అంటే ఆవిడకు చెవుడొచ్చేది. "ఏంటి? వినబడలేదండీ," అని అలా చూస్తూ కూర్చునేది. నిమిషం గడిచినా అలాగే. నాకు ఇక్కడ నాలుక కొన మీద జవాబు గింజుకుంటూ ఉండేది. కరక్కాయ దాన్ని పట్టి ఉంచేది.

ఆవిడ వరండా పుణ్యమా అని మా ఇంట్లో సామాను నిలవడం మానేసింది. పప్పుగుత్తి కావాలంటే టీచరమ్మ దగ్గరుండేది. అట్లు పోద్దామంటే అట్లకాడ పాఠానికి వెళ్ళి ఉండేది. ఒకరోజైతే కొంప మునిగింది. మొదటి భోంపు కూస్తోంది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బల్ల దగ్గర నిలబడి, "ఒలే, కేరియరు మూతేదే?" అని కేక పెట్టారు. కేరియరు నోరు తెరుచుకుని ఉంది. లోపల పప్పు, చారు కనబడుతున్నాయి. ఇల్లంతా వెతికాను. మంచం కింద, పొయ్యి వెనక, నీళ్ళ తొట్టి పక్కన. రత్నం గోడకు అంటుకుని చూస్తోంది. దాని మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. ముందురోజు టీచరు గుండ్రటివి ఐదు తెమ్మంది. ఇంట్లో అన్నిటికన్నా గుండ్రటిది ఏదో దానికి బాగానే తెలిసింది.

"భోంపు సామాను ముట్టుకున్నావా?" అని నేను చెయ్యెత్తాను. మా ఆయన గోడ మీది తువ్వాలు లాగి కేరియరు నెత్తికి కట్టేసి, సైకిలెక్కేశారు. ఆరోజు షాపులో అందరూ "అప్పారావు కేరియరుకు తలనొప్పొచ్చింది, గుడ్డ కట్టాడు" అని నవ్వారట. నేను సరాసరి కరుణమ్మ ఇంటికి వెళ్ళి, "మా మూత ఇచ్చేయండి టీచరుగారూ, మీ చదువొద్దు మీరొద్దు," అన్నాను. ఆవిడ చూస్తే, ఆ మూతను పిల్లలెవరో ఎక్కడో పెట్టారు. అక్కడ నాలుగైదు ఇళ్ళ మూతలు కలిసి ఉన్నాయి. "దొరుకుతుందిలే పైడమ్మా, మూతకు కాళ్ళొస్తాయా?" అని ఆవిడ వెనక్కి తిరిగి ఏదో పిల్లతో బెండకాయ సంగతి మాట్లాడుతోంది. నా కేరియరు మీద తువ్వాలు, ఆవిడకు బెండకాయ! అలాంటి మనిషి.

నేను మానేసేదాన్నే. ఆ వారంలో సంచి ఆట జరగకపోతే.

సంచి ఆటంటే, ఒకరు గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, లోపలున్న వస్తువును తడిమి, పేరు చెప్పకుండా అదెలా ఉందో చెప్పాలి. మిగిలినవాళ్ళు పోల్చాలి. ఆరోజు కరుణమ్మ నా వైపు తిరిగి, "కరక్కాయ తీసెయ్ పైడమ్మా. ఇవాళ నీ వంతు. కాలనీకంతా కథలు చెబుతావుగా, చెప్పు చూద్దాం," అంది. నేను కొంగు దోపుకుని చెయ్యి పెట్టాను. ఇత్తడి గరిటె. నాదే. ముట్టుకోగానే తెలిసింది.

"ఇది మా అత్త నా పెళ్ళిలో ఇచ్చింది," అని మొదలుపెట్టాను. "వాళ్ళ ఊళ్ళో కంచరి ఒకతను ఉండేవాడు, అతనికి ఒక కన్ను లేదు..."

"వస్తువు చెప్పు, కంచరిని కాదు," అంది కరుణమ్మ.

"అదేనండీ... దీంతో... అది తీసి అందులో వేస్తాం కదా... అన్నంలోకి..." నాకు చెమట పట్టింది. నవ్వుతున్నారు పిల్లలు. ఎంత వెతికినా నాకు "అది" తప్ప మాట దొరకదు. పదహారేళ్ళుగా రోజూ పట్టుకున్న గరిటె, దాని సంగతి తెలియని మనిషికి చెప్పలేకపోతున్నాను. అప్పుడు వెనకనుంచి చిన్న గొంతు వినబడింది.

"పొడుగ్గా ఉంటుందా?"

ఎవరా అని చూశాను. రత్నం. మోకాళ్ళ మీద లేచి కూర్చుంది.

"ఆఁ, పొడుగ్గానే," అన్నాను.

"చివర గుంట ఉంటుందా? పప్పు పడేది?"

"ఉంటుంది తల్లీ, ఉంటుంది..."

"చల్లగా ఉందా? పొయ్యి దగ్గర కాలుతుందా?" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే, "గరిటె!" అని అరిచింది. అన్ని మాటలు అది వరసగా మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. నేను ఏదో అనబోయాను. మెచ్చుకోబోయానో, ఏడవబోయానో. కరుణమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. కొంగు ముడి విప్పి, ఇంకో పెచ్చు నా చేతిలో పెట్టి, "నీ వంతయింది," అంది.

ఆ తర్వాత మానలేదు. కోపమూ మానలేదు. బడి తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి, ఈవిడ గరిటెలతోనే ఉంది. "రాత ఎప్పుడండీ?" అంటే, "రాస్తుందిలే, చెప్పడానికి ఏమన్నా ఉంటే రాయడానికి కూడా ఉంటుంది," అనేది. ఇంటి దగ్గర కూడా నన్ను వదిలేది కాదు. కూరలమ్మి వచ్చినప్పుడు బేరం నేను చేయకూడదట, పిల్లతో చేయించాలట. ఆ ఛత్తీస్‌గఢీ ముసలమ్మ బుట్ట దించి, "ఏ నోనీ, కా లేబే?" అని అడిగేది. ఏం తీసుకుంటావు పిల్లా అని. రత్నం వంకాయను చూపించి "టోపీ పెట్టుకున్నది, ఊదా రంగుది," అనేది. ముసలమ్మకు తెలుగు రాదు. అప్పుడు రత్నం నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, హిందీలో టోపీ అనేది, ఛత్తీస్‌గఢీలో భాటా అనేది. ముసలమ్మ పగలబడి నవ్వి కొసరు వేసేది. ఇంతలో నా పొయ్యి ఆరిపోయేది. ఒక వంకాయ కొనడానికి అరగంట!

ఒకసారి మాత్రం కరుణమ్మను తప్పుపట్టే అవకాశం దొరికింది. రత్నం కుప్పలు వేస్తూ బొగ్గునూ బంగాళాదుంపనూ ఒకచోట పెట్టింది. "చూడండి, ఏడాది నేర్పారు, బొగ్గు తింటారని అంటోంది," అన్నాను కరక్కాయ పక్కకు నెట్టి. కరుణమ్మ రత్నాన్ని అడిగింది, ఎందుకమ్మా అని. "రెండూ గోనెసంచిలో వస్తాయి. రెండూ మంచం కింద ఉంటాయి," అంది రత్నం.

"విన్నావా? మనం అనుకున్న కుప్పే వెయ్యాలని ఎక్కడుంది పైడమ్మా? వేసిందానికి కారణం చెబితే చాలు. పెద్దవాళ్ళకు ఎందుకని అడిగే ఓపిక లేక పిల్లలు తప్పయిపోతారు."

సరే, ఆ రోజు వచ్చింది. జూన్ ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఆయన పొద్దున కేరియరుకు తువ్వాలు కట్టుకుని (మూత ఇంకా దొరకలేదు), జేబులో ఉల్లిపాయ వేసుకుని, గుమ్మంలో ఆగి, "ఏటవుద్దో మద్దేన్నానికి తెలుస్తాది. అమ్మకి ఉత్తరం ముక్క రాయాలి," అన్నారు. కరుణమ్మ వీధి చివరిదాకా వచ్చింది. లోపలికి తల్లిదండ్రులు తప్ప ఎవరూ రాకూడదన్నారు. నా చేతిలో కరక్కాయ పెచ్చు పెట్టి, "లోపల నువ్వు ఒక్క మాట కూడా రత్నానికి బదులుగా మాట్లాడకూడదు. ప్రమాణం," అంది. ఎండలో నిలబడి ప్రమాణం చేయించింది నాతో.

అదే బహన్‌జీ. బల్లమీద ఏడు వస్తువులు పెట్టింది: సబ్బు, కేరియరు డబ్బా, ఉల్లిపాయ, తాళం, బంగాళాదుంప, గ్లాసు, దువ్వెన. ఒక రకంవి ఒకచోట పెట్టు బేటీ అని హిందీలో చెప్పింది. రత్నం వాటివైపే చూసింది. నా వైపు చూడలేదు. అది నా వైపు చూడకపోవడం నాకు గుండెల్లో కలుక్కుమంది, అదేం ఖర్మో. తర్వాత చేతులు చాచి, సబ్బు, డబ్బా, ఉల్లిపాయ, తాళం ఒకవైపు లాక్కుంది. దుంప, గ్లాసు, దువ్వెన రెండోవైపు నెట్టింది.

బహన్‌జీ పెదవి విరిచింది. పక్కనున్న పంతులమ్మతో మెల్లగా ఏదో అంది. ఉల్లిపాయా దుంపా తినేవి, సబ్బూ దువ్వెనా శుభ్రానికి, డబ్బా గ్లాసూ పాత్రలు. అలా రావాలని ఆవిడ లెక్క. కాగితం మీదికి కలం వెళ్ళింది.

నాకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆ కుప్ప ఏమిటో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. మా ఇంటి బల్ల అది, గుమ్మం పక్కది. చెబితే రెండు మాటల్లో అయిపోతుంది, చెప్పకపోతే మేకలు. నోరు తెరిచాను కూడా. వగరు గొంతుకు అడ్డం పడింది. కరక్కాయను బుగ్గలోకి నెట్టి, ఆ ఏడాదంతా విన్న మాట ఒక్కటే అన్నాను. "బహన్‌జీ, ఉసీ సే పూఛియే. క్యోం."

దాన్నే అడగండి, ఎందుకు అని.

బహన్‌జీ చిరాగ్గా నన్ను చూసి, రత్నం వైపు తిరిగి, "క్యోం?" అంది.

రత్నం మొదటి కుప్పమీద చెయ్యి వేసింది. మొదటి భోంపుకు నాన్న ఇవి తీసుకెళ్తారు, అవి ఇంట్లో ఉండిపోతాయి అంది. అది చెప్పిన హిందీలో సగం తెలుగు, పావు ఛత్తీస్‌గఢీ. కానీ ఆగలేదు. సబ్బు ఎందుకంటే నాన్న చేతులు నల్లగా ఉంటాయి. తాళం సైకిలుకు. బహన్‌జీ కలం పెట్టేసి, "మరి ప్యాజ్? డబ్బాలో పెట్టుకుని తినడానికా?" అంది.

"నహీ. జేబ్ మే. లూ నహీ లగ్‌తా," అంది రత్నం. కాదు, జేబులో, వడగాలి కొట్టకుండా. అంతటితో ఊరుకోక, ఉల్లిపాయ చేతిలోకి తీసుకుని, పైన కాగితంలాంటి పొర ఉంటుందనీ, లోపల ఒకదానిలో ఒకటి ఉంటాయనీ, కోస్తే అమ్మ ఏడుస్తుందనీ, కానీ అది నిజం ఏడుపు కాదనీ, దీన్ని అమ్మ ఉల్లిపాయ అంటుంది, మీరు ప్యాజ్ అంటారు, కూరల నానీ గోందలీ అంటుంది అనీ చెప్పింది. రెండో పంతులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడది ధర్సీవా వైపు పల్లె అట, తమ ఇంటిమాట గోందలీ ఆ బల్ల దగ్గర ఎప్పుడూ వినలేదట. బహన్‌జీ నవ్వలేదు. తన పర్సు తెరిచి మాకు చూపించింది. అందులో రుమాలు పక్కన ఒక చిన్న ఉల్లిపాయ ఉంది. కలం తీసుకుని పేరేమిటని అడిగింది. నన్ను కాదు, రత్నాన్ని.

బయటికొచ్చేసరికి కరుణమ్మ వీధి చివర గోడ నీడలో నిలబడే ఉంది. పరిగెత్తుకెళ్ళి అంతా చెప్పాను, గాలివానతో సహా. ఆవిడ నా చేతిని తట్టింది. "బాగుంది. ఉమ్మెయ్ ఇంక దాన్ని, ఇంటికెళ్ళి నీళ్ళు తాగు," అంది. అంతే. పొగడ్త లేదు, కౌగిలింత లేదు. ఇంటికెళ్ళి చెంబుడు నీళ్ళు తాగితే తియ్యగా ఉన్నాయి. కరక్కాయ తర్వాత ఏ నీళ్ళైనా అంతే, నాకు తెలుసు. సాయంత్రం మా ఆయన వచ్చి, విషయం విని, తువ్వాలు కట్టిన కేరియరు కింద పెట్టి, ఊరికి రాయాల్సిన ఉత్తరం గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఇంకో రెండేళ్ళకు కరుణమ్మ భర్తకు వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు ఆవిడ కాలనీలో ప్రతి ఇంటికీ తిరిగి, తెచ్చిన సామాను తిరిగి ఇచ్చింది. నా గరిటె ఇచ్చింది, అట్లకాడ ఇచ్చింది. చివరికి కాగితంలో చుట్టి కేరియరు మూత కూడా ఇచ్చింది. "నా మీద కోపం పోయిందా పైడమ్మా?" అంది. పోలేదండీ అన్నాను. నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు కృతజ్ఞత చెప్పడం చేతకాలేదు. రేపు రైలు దగ్గర చెబుదాంలే అనుకున్నాను, ఆ రైలు పొద్దుటి భోంపుకు ముందే వెళ్ళిపోయింది. మర్నాడు కేరియరుకు ఆ మూత పెట్టబోతే పట్టలేదు. వేలెడు పెద్దది. ఎవరింటిదో! కాలనీలో పిల్లలందరికీ ఏ వస్తువు ఎక్కడిదో వేరుచేయడం నేర్పిన మనిషి, నాకు మాత్రం వేరే ఇంటి మూత అంటగట్టి వెళ్ళిపోయింది. ఆ మూత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరికీ సరిపోలేదు.

రత్నం ఇప్పుడు రాయపూర్‌లోనే ఒక ఆఫీసులో పని చేస్తోంది. మూడు భాషల్లోనూ దాని నోటికి అడ్డు లేదు. వాళ్ళాయన నా దగ్గర మొరపెట్టుకుంటాడు. మేము రిటైరయ్యాక బీర్‌గావ్‌లో రెండు గదులు కట్టుకున్నాం. పొద్దున రత్నం చిన్నిని నా దగ్గర వదిలి వెళుతుంది. నిన్న పోపులు బోర్లించింది ఆ చిన్నే. దగ్గు తగ్గాక చాట తెచ్చి ముందు పెట్టాను. ఆవాలు వేరు చేయమన్నాను. అది నాలుగు గింజలు వేరుచేసి, గూటివైపు చూసి, నా కరక్కాయల డబ్బా మీదున్న ఆ కేరియరు మూత తీసింది. ఆ డబ్బాకూ అది సరిగా పట్టదు, కానీ నిలుస్తుంది.

"అమ్మమ్మా, యే కిస్కా? ఇది దేనిది?"

చెప్పడానికి నా దగ్గర ఎంత ఉందని! భోంపు, తువ్వాలు, నరసాపురం, కళ్ళజోడు దారం. నోటినిండా ఉంది. పెచ్చును ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకున్నాను. దాని చేతిలో మూతను చూస్తూ కూర్చున్నాను.

"నువ్వే చెప్పు," అన్నాను.

చిన్ని మూతను తిప్పి చూసింది, అంచు తడిమింది, నేలకేసి కొట్టి చప్పుడు విన్నది. నిమిషం గడిచింది. వగరు అలాగే ఉంది, తీపి ఇంకా రాలేదు. ఇంకో నిమిషం గడిచింది.

"గోల్‌గా ఉంది," అంది చిన్ని. "దీని ఇల్లు ఇది కాదు."